అక్షరాల బోర్డు ఆత్మకథ

నోట మాట రాని పిల్లలు ఒక్కో అక్షరాన్ని వేలితో చూపిస్తూ మనసులోది చెప్పుకోవడానికి వాడే అట్టను అక్షరాల బోర్డు అంటారు. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న బోర్డు లేపాక్షిలో పట్టుపురుగులు పెంచే ఒక రైతు ఇంటిది. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. ఎదుటివాళ్ల ‘నేను’ను మోయడమే దాని వృత్తి.

పుట్టింది హిందూపురంలో, ఒక జిరాక్సు షాపులో. ఏ4 కాగితం, పైన ప్లాస్టిక్ లామినేషన్, అంతే. ఇంగ్లీషు బోర్డుకు 26 గళ్లు చాలు. తెలుగు బోర్డుకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు అన్నీ కావాలి. ‘నీళ్లు’ అని అడగాలంటే న, గుడిదీర్ఘం, ళ, లావొత్తు, కొమ్ము, ఇలా ఐదు చోట్ల వేలు పడాలి. దాహంతో ఉన్న పిల్లవాడికి అది చిన్న పని కాదు. అందుకే కింది మూలలో నీళ్లు, అన్నం, బయటికి, చాలు అనే నాలుగు గళ్లు బొమ్మలతో సహా వేశారు. అన్నింటికంటే ముందు అరిగిపోయింది ‘చాలు’ గడి.

వంశం సంగతి వస్తే ఈ బోర్డుకు కాస్త గర్వమే. లేపాక్షికి పెద్ద దూరం కాని బెంగళూరులోనూ, మైసూరులోనూ 1990లలో టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్ అనే పిల్లవాడు ఇలాంటి అట్ట ముందే పెరిగాడు. 1989లో పుట్టిన టిటోకు ఆటిజం ఉంది, మాట దాదాపు రాదు. తల్లి సోమా అక్షరాలు, అంకెలు రాసిన బోర్డు పెట్టి చదువు చెప్పింది, కథలు చదివి వినిపించింది, చేతికి పెన్సిల్ అలవాటు చేసింది. పదకొండేళ్లు నిండేలోపు అతను రాసినవి ‘బియాండ్ ది సైలెన్స్’ పేరుతో 2000లో బ్రిటన్‌లో పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడు తల్లీకొడుకులు అమెరికా వెళ్లారు. 2003లో వచ్చిన అతని ‘ది మైండ్ ట్రీ’లో ఆలోచించగలిగీ మాట్లాడలేని మర్రిచెట్టు కథ ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానును చూసిన పిల్లలకు ఆ కథ చెబితే, చెట్టుకు మనసేమిటని అడగరు.

జపాన్‌లో నవోకీ హిగాషిదా కూడా అట్ట మీది అక్షరాలు చూపిస్తూనే పదమూడేళ్ల వయసులో పుస్తకం రాశాడు. కథలు, కవితలు కూడా రాశాడు. ఆటిజం ఉన్న రచయితలందరికీ బోర్డుతో పని ఉండదు. స్కాట్లాండ్‌కు చెందిన ఎల్ మెక్‌నికల్ మాట్లాడగలదు. ఆమె 2020లో పిల్లల కోసం రాసిన ‘ఎ కైండ్ ఆఫ్ స్పార్క్’ నవలకు బహుమతులు వచ్చాయి, 2023లో అది టీవీ సీరియల్ కూడా అయింది.

ఈ వంశం మీద ఒక నింద ఉంది. దాన్ని దాచి లాభం లేదు. బోర్డును ఇంకొకరు గాలిలో పట్టుకుని చూపించే పద్ధతిలో వచ్చే మాటలు పిల్లవాడివేనన్నదానికి శాస్త్రీయ ఆధారం లేదని, ఆ పద్ధతి వాడవద్దని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో చెప్పింది. ఆ మాటలో నిజముంది. పట్టుకున్న చెయ్యి వెంట్రుకవాసి కదిలినా వేలు పక్క అక్షరం మీద పడుతుంది. ఆ కదలిక అందరికంటే ముందు తెలిసేది బోర్డుకే. టిటో మాత్రం ఎవరూ చెయ్యి పట్టుకోకుండా పెన్సిల్‌తోనూ రాశాడు, కీబోర్డు మీదా టైపు చేశాడు. బోర్డు బల్ల మీద కదలకుండా ఉండి, వేలు తనంతట తాను కదిలినప్పుడే ఆ మాటకు సొంతదారు ఎవరో తేలుతుంది.

లేపాక్షి ఇంట్లో ఆ పరీక్ష దాకా రానేలేదు. మొదట్లో రోజూ సాయంత్రం ఆ ఇంట్లోని మాట రాని పిల్లవాడి ముందు బోర్డును పెట్టేవారు. తర్వాత పట్టుపురుగులు నాలుగో ‘జ్వరం’ (చర్మం విడిచే దశ) దాటాయి, ఆకు కోతలు పెరిగాయి, ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది. చూడవచ్చిన బంధువొకడు “నోరే లేనోనికి అట్ట యాలప్పా?” అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. కరెంటు పోయిన రాత్రుల్లో బోర్డు విసనకర్ర అయింది. ఒక పంట కారులో చంద్రికల (పురుగులు గూళ్లు అల్లుకునే తట్టల) కిందికి ఎత్తుగా వెళ్లింది. తడి తగిలి లామినేషన్ ఓ పక్క పొర విడిచింది, లోపల ‘అం’, ‘అః’ అలుక్కుపోయాయి. చివరికి పాత చంద్రికలతో పాటు అటకెక్కింది. కింద పిల్లవాడు నీళ్ల కుండను కాలితో తన్నేవాడు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకున్నారు. పైనున్న బోర్డుకు అది ఐదు గళ్ల మాటగానే వినిపించేది.

ఏడాదికొకసారి దుమ్ము దులిపేవారు, ఏప్రిల్ 2న. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 2008 నుంచి ఆ రోజును ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా జరుపుతున్నారు. నీలం బెలూన్లు, ఊరేగింపు, వేదిక మీద శాలువాలు ఉంటాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చిందని ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. పిల్లవాడి చేతికి బోర్డు ఇచ్చి ఫొటో తీస్తారు. ఒకసారి ఆ ఫొటోలో బోర్డు తలకిందులుగా ఉంది. అది చూసి తిప్పింది పిల్లవాడొక్కడే.

ఇప్పుడు చెన్నైలో తయారైన ‘ఆవాజ్’ లాంటి యాప్‌లు వచ్చాయి. బొమ్మను తాకితే ఫోనే మాట పలుకుతుంది. వాటి మీద బోర్డుకు అసూయ లేదు. ఛార్జింగు అయిపోయినప్పుడు తన అవసరం పడుతుందని తెలుసు. ఫోనైనా అట్టైనా కొన్నవాళ్లకు మనవి ఒక్కటే. దాన్ని పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి, బల్ల మీదే ఉంచండి, వేలు కదిలేదాకా తొందరపెట్టకండి.