నా తెర మీది అంకె

చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో నన్ను షీటు అతికే మిషను అంటారు. హాట్ వెడ్జ్ వెల్డర్ అన్న పేరు నా వీపు మీది రేకుకే పరిమితం. ఒంటిచేత్తో ఎత్తగల బరువు, ఒక పిడి, రోలర్లు, చిన్న మోటారు, అంకెలు చూపే తెర. నేనంటే ఇంతే. 2022 ఏప్రిల్ 4న ఈ ఊరు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. నా పని మాత్రం అదే: చెరకు పండించే రైతుల పొలాల్లో, నీరు ఇంకిపోయే నేలల్లో తవ్విన కుంటలకు నల్లటి షీటు అతకడం.

ఆ షీటు గురించి ముందు చెప్పాలి. పాలిథిన్ 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. 1953లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడిలోనే గట్టి రకాన్ని తయారుచేసే దారి కనిపెట్టాడు. అదే హెచ్‌డీపీఈ. ఎండకు పెళుసెక్కకుండా అందులో రెండు మూడు శాతం కార్బన్ మసి కలుపుతారు, అందుకే ఆ నలుపు. దాని మీద ఏ జిగురూ సరిగా పట్టదు. కుంట వెడల్పుకు ఒక్క చుట్ట చాలదు. పక్కపక్కన పరిచిన చుట్టల అంచులు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతే తప్ప నీరు ఆగదు. అక్కడే నా అవసరం.

నా గుండె ఒక లోహపు దిమ్మె. ముందు వెడల్పుగా, వెనక పల్చగా ఉంటుంది. నాలుగైదు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచిన రెండు అంచుల మధ్య అది దూరుతుంది. పై షీటు అడుగు, కింది షీటు పైభాగం దాన్ని ఒరుసుకుంటూ కరుగుతాయి. వెనకే వచ్చే రోలర్లు ఆ రెంటినీ గట్టిగా నొక్కుతాయి. నా రోలర్ల మధ్యలో ఒక గాడి ఉంది. అందువల్ల అతుకు రెండు చారలుగా పడి, మధ్యలో సన్నటి గాలి సొరంగం మిగులుతుంది. దాని ఉపయోగం తర్వాత తెలుస్తుంది.

మిల్లీమీటరు మందం షీటుకు నా వేడి 350 నుంచి 420 డిగ్రీల దాకా, నడక నిమిషానికి ఒకటిన్నర నుంచి మూడు మీటర్లు. షీటు 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మరి అంత వేడెందుకు? నేను ఆగకుండా నడుస్తాను గనక, షీటు నన్ను తాకేది క్షణకాలమే. అయితే తెర మీది ఆ అంకె నా దిమ్మెది, షీటుది కాదు. షీటు ఎంత వేడెక్కిందో నాకు తెలియదు. పొద్దుటి చలిగాలికి ఒక లెక్క, మిట్టమధ్యాహ్నం కాలిన షీటుకు మరో లెక్క. జనరేటరు నుంచి సన్నటి వైరు దూరం లాగితే వోల్టేజీ పడిపోతుంది, నేను నీరసిస్తాను.

ఓ పొద్దున్న, నన్ను నడిపే మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు తొందరపడ్డాడు. "మేస్త్రీ, నిన్నటి నంబరే ఉంది గదా, మొదలెట్టేద్దుమా?"

"నిన్నటి ఎండ కూడా తెచ్చిచ్చేస్తావేటిరా?" అన్నాడు మేస్త్రి.

ముందు అదే షీటు తునకల మీద నన్ను నడిపించాడు. అతుకు చల్లారాక అంగుళం వెడల్పు పట్టీలు కోసి, రెండు అంచులూ పట్టి విడదీశాడు. అతుకు ఊడి వచ్చేస్తే ఆ వేడి, ఆ నడక పనికిరావు. షీటే సాగి తెగి, అతుకు నిలిస్తేనే కుంటలోకి దిగాలి.

నాతో పనిచేసేవాళ్ళకు కొన్ని మాటలు. భుజం మీద తుండుగుడ్డ వేలాడనివ్వకండి. రోలర్లకు గుడ్డా వేలూ ఒకటే. తోలు గ్లౌజులు వేసుకోండి. ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో చూడండి, తడి చేతులతో ముట్టుకోకండి. అంచుల మీది మట్టి, మంచు పొడిగుడ్డతో తుడవండి. షీట్లు రెండూ లోపలికి వెళ్ళాకే లివరు బిగించండి, చివర అంచు దాటేముందే వదలండి. వేడి మీదున్న నన్ను షీటు మీద పెట్టకండి. దిమ్మెకు అంటిన ప్లాస్టిక్‌ను ఇత్తడి బ్రష్‌తో గీకండి. పూర్తిగా చల్లారకుండా పెట్టెలో మూయకండి. కుంటలో బీడీ వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు చిల్లుకి.

అతుకులు గట్టు వాలు వెంట పైనుంచి కిందికి దిగాలి, అడ్డంగా పోతే షీటు బరువంతా వాటి మీదే పడుతుంది. షీటును బిగించి పరచకూడదు. యాభై మీటర్ల షీటు ముప్పై డిగ్రీల తేడాకు దాదాపు అడుగు సాగుతుంది, రాత్రికి అంతే ముడుచుకుంటుంది. మధ్యాహ్నం బిగువుగా వేస్తే తెల్లారేసరికి కుంట మూలల్లో పైకి లేచి నిలుస్తుంది.

ఇప్పుడు ఆ గాలి సొరంగం. అతుకు రెండు చివరలూ మూసి, సూది గుచ్చి, 24 నుంచి 30 పౌండ్ల దాకా గాలి కొడతారు. కాసేపు కుదుటపడనిచ్చి, ఐదు నిమిషాలు గాలి మీటరు ముల్లు చూస్తారు. బాగా పడిపోతే ఎక్కడో చారలో లోపముంది. నిలిస్తే అవతలి చివర కోస్తారు. అక్కడ గాలి బుస్సున వస్తేనే సొరంగం మధ్యలో మూసుకుపోలేదని, పరీక్ష అతుకంతటికీ జరిగిందని రుజువు.

ఆ రోజు ఒక్క అతుకు మిగిలి ఉండగా తుంపర మొదలైంది. "ఇంకెంతసేపు బాబూ, కానిచ్చేయండి, కూలీ డబ్బులు కలిసొస్తాయి" అన్నాడు రైతు. నా తెర మీద అంకె చెక్కుచెదరలేదు. కానీ తడి చిక్కితే ఆవిరై అతుకులో బుడగలు కడుతుంది. మేస్త్రి ప్లగ్గు పీకేశాడు.

"రేపు తడి ఆరాక, మళ్ళీ తునక మీదే మొదలెడదాం నాయనా" అన్నాడు.