బ్యాడ్జీ బాబాయి

బ్యాడ్జీ బాబాయి ఇంట్లో పంచాంగం ఉండదు. ఊళ్లో ఏ రోజున ఏం పంచుతారో ఆయనకి కంఠతా వచ్చు, దాన్నిబట్టే తిథి చెబుతాడు. క్షీరాన్నం అంటే రథసప్తమి. పానకం అంటే శ్రీరామనవమి. మజ్జిగ అంటే ఎండలు ముదిరినట్టు. నడుమ ఏ ఆదివారమైనా జ్యూసు డబ్బా, బిస్కట్ల పొట్లం కనబడ్డాయంటే రక్తదాన శిబిరం.

తిండికోసం తిరుగుతాడనుకునేరు, పాపం వస్తుంది. ఆయనది దోసిలి పట్టే చెయ్యి కాదు, గరిటె పట్టే చెయ్యి. ఒక్కటే షరతు: వ్యవహారం ఉచితంగా ఉండాలి. టికెట్టు పెట్టిన చోటికి ఆయన రాడు. 2025లో అరసవల్లి సూర్యదేవాలయం రథసప్తమిని రాష్ట్ర పండుగ చేసి, శ్రీకాకుళంలో హెలికాప్టరు విహారం కూడా పెట్టినప్పుడు, ఒకసారి తలెత్తి చూశాడు. "అందులో నిలబడీవోలు లేరు, జరగమండానికి జాగా లేదు" అని పెదవి విరిచి, మళ్లీ క్యూలోకి చూపు దించాడు.

ఆ మాటలో ఆయన ఉద్యోగం ఉంది. ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఆర్టీసీలో కండక్టరు. సర్వీసు అయిపోయింది గాని నోట్లోంచి విజిలు దిగలేదు. దర్శనం లైనులో చీమ దూరే సందు లేకపోయినా, "ముందుకి జరగండమ్మా, లోపలంతా కాళీయే" అంటాడు. జనం జరుగుతారు కూడా. ఎక్కడికి జరుగుతారో ఆ ఆదిత్యుడికే తెలియాలి.

రథసప్తమి ఆయనకి దసరా, దీపావళి, పెళ్లిరోజు అన్నీను. అర్ధరాత్రి దాటాక స్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది, ఆ వెనక నిజరూప దర్శనం. బాబాయి మాత్రం ముందురోజు సాయంత్రానికే టోపీ, టీషర్టు, మెడలో బ్యాడ్జీతో సిద్ధం. ఇంట్లో గోడకి కొట్టిన మేకు నిండా పాత బ్యాడ్జీలే. అడిగితే ఏది ఏ ఏడాదిదో తడుముకోకుండా చెబుతాడు. పిన్ని పుట్టినరోజు అడగండి, తడుముకుంటాడు.

తెల్లారేసరికి గుడి చుట్టూ పిడకల పొయ్యిలు రాజుకుంటాయి. ఆడవాళ్లు పాలు పొంగించి, చెరుకు ముక్కలతో కలియబెట్టి క్షీరాన్నం వండుతారు. పొగకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా బాబాయి పొయ్యిల్ని కూడా వరసలో పెట్టబోతాడు. ఓసారి ఒక ముసలమ్మని, "ఇక్కడ రాళ్లు పెట్టకే అప్పా, దారికి అడ్డం" అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే, "మా అత్త ఇక్కడే ఎట్టీది, ఆలత్తా ఇక్కడే ఎట్టీది. నువ్వెవుడివి బావూ?" అంది. బాబాయి ఠీవిగా బ్యాడ్జీ చూపించాడు. పక్కనున్న మనవరాలు 'వాలంటీరు' అని చదివి పెట్టింది. అంతే, ముసలమ్మ పొయ్యి వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుంది. "అయితే నా పింఛనేటైపోనాది? రెండు నెల్లై రాలేదు కదేటి!"

ఆవిడ తప్పేం లేదు. 2019లో యాభై ఇళ్లకొక వాలంటీరుని సర్కారు వేసిన దగ్గర్నుంచీ, పల్లెల్లో ఆ మాట అంటే ఒకటో తారీఖున పింఛనుతో తలుపు కొట్టిన పిల్లాడే. బాబాయి వివరించబోయి, విరమించుకుని, ఆవిడ ఆధార్ నంబరు రాసుకున్నాడు. సోమవారం సచివాలయానికి వెళ్లాడట. అక్కడ లైను వంకరగా ఉందని ముందు దాన్ని సర్ది, ఆ తర్వాతే పింఛను సంగతి అడిగాడట.

మార్చి వస్తే అసలు పరీక్ష. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దుటి కిరణాలు అనివెట్టి మండపం గుండా, ధ్వజస్తంభం పక్కనుంచి వచ్చి మూలవిరాట్టు పాదాల్ని తాకుతాయి. ఆ రెండు వేళలా సూర్యుడు దాదాపు ఒకే చోట, సూటి తూర్పుకి కాస్త దక్షిణంగా పొడుస్తాడు. కట్టినవాళ్లు లెక్క తెలిసినవాళ్లు. ఉన్నవి కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం చీకటితోనే వచ్చి నిలబడ్డ జనానికి అడ్డంగా తాడు పట్టుకునేది బాబాయి. జనానికి మొహం, గర్భగుడికి వీపు. అంచేత ఆ కిరణాలు ఆయన ఒక్కసారీ చూళ్లేదు. వెనక వరసవాళ్లు "పడ్డాయా బాబాయ్?" అని అడిగితే, ముందు వరసలో ఎన్ని చేతులు నెత్తిమీదికి లేచాయో చూసి, "పడ్డాయి, పాదాల కాడికొచ్చాయి" అని కళ్లతో చూసినట్టే చెబుతాడు.

మబ్బు పట్టిన రోజున చూడాలి ఆయన అవస్థ. విజయనగరం నుంచి రాత్రికి రాత్రి వచ్చినాయన ఒకరు, "ఇంత దూరం వచ్చాం, ఇదేనా మీ ఏర్పాటు?" అని బాబాయినే నిలదీశాడు. సూర్యుడు నా ఆధీనంలో లేడని అనొచ్చు కదా, అనడు. అలవాటైన గొంతుతో, "కంగారు పడకండి, ఎనకాల ఇంకో బండి ఉన్నాది, రేపు పొద్దున్న కాళీగా వస్తాది" అన్నాడు.

ఆయన ఓడిపోయింది ఒక్కచోటే. సోంపేట దగ్గర బారువ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే, సాయానికి మనుషులు కావాలని ఎవరో అన్నారట, బస్సెక్కి వెళ్లిపోయాడు. గుడ్లు తెచ్చి ఇసకలో కాపాడతారు, పిల్లలు బయటికొచ్చాక నీళ్లకి కాస్త ఎడంగా వదిలేస్తారు. ఆ ఇసక మీద అవి తమంతట తామే నడిచిపోవాలి. ముట్టుకోకూడదు, టార్చి వెయ్యకూడదు, దారిలో నిలబడకూడదు. "మరి నేనేటి చెయ్యాల?" అని అడిగితే, "పక్కకి జరగండి" అన్నారట. జీవితమంతా ఇతరులకి చెప్పిన మాట ఆయనకి ఎవరో చెప్పడం అదే మొదటిసారి. పిల్లలేమో తలో దిక్కుగా, లైనన్నది లేకుండా, అన్నీ సముద్రంలోకే చేరాయి. బాబాయికి అది ఇప్పటికీ మింగుడుపడదు.

రక్తదానం దగ్గరా పక్కకి జరగమన్నారు గాని, ఆయన జరగలేదు. మగాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు, ఈయన రోజులు లెక్కపెట్టుకుని మరీ ఇచ్చేవాడు. అరవై అయిదు దాటాక కుదరదన్నారు. ఇప్పుడు సూది చూసి తెల్లబోయే కాలేజీ కుర్రాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. బిస్కట్ల లెక్కా ఆయనదే.

ఇక చలివేంద్రం. పందిరికన్నా ఫ్లెక్సీ పెద్దది, ఫ్లెక్సీలో దాతలకన్నా నాయకులు పెద్దవాళ్లు. బాబాయి పేరు అట్టడుగున ఉంటుంది, 'తదితరులు' అని. "అది నాకే" అని వేలు పెట్టి చూపిస్తాడు. రిబ్బను కత్తిరించినవాళ్లు ఫొటో అవగానే కార్లెక్కుతారు, కుండలు నింపేది తదితరులే. మజ్జిగ కలపడం చూస్తే ముచ్చటేస్తుంది: చిలికిన పెరుగు, దంచిన అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు, ఉప్పు. తొమ్మిదింటికి అది మజ్జిగే. డే అండ్ నైట్ జంక్షన్ వైపు నుంచి జనం పెరిగేకొద్దీ డ్రమ్ములో నీళ్లూ పెరుగుతాయి. మిట్టమధ్యాహ్నానికి మజ్జిగ మొహం చూసిన నీళ్లు. "దాహానికి రంగుతో పనేటి?" అంటాడు. ఎవర్నీ ఖాళీ గ్లాసుతో పంపడు, అది నిజం.

మొన్న నవమికి ముందురోజు రాత్రి ఫోను. "ఒరే అబ్బాయ్, రేపు నాలుగింటికల్లా వచ్చీ. మిరియాలు దంచడం నీకేసినాను."

"నేను కల్యాణం చూద్దామని వస్తున్నా బాబాయ్, పదింటికి."

"సూసీవోలు బోల్డుమంది ఉన్నారు, పానకం కలిపీవోలే లేరు. బెల్లం నానబోసీసినాను, వడపప్పు పిన్ని చూసుకుంటాది. నీ పేరు కాయితం మీద రాసీసినాను, ఇంక కొట్టీడానికి అవ్వదు."

"బ్యాడ్జీ ఇస్తావా మరి?"

అటువైపు కాసేపు ఆలోచన. "ఈయేటికి తదితరుల్లో ఉండు. వచ్చే ఏడు సూద్దుం. బేగి రా, మీ ఇంట్లో రోకలి కూడా అట్టుకురా."