రాజుగారి అమ్మాయి పెళ్ళి గురించి అమ్మకి

అమ్మా,

నువ్వు పోనులో అడిగిన దానికి పోనులో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తన్నాను. ఈ థాయి దేశంలో రాజు, రాణి, యువరాజుల మీద నోరు జారితే 112వ సెక్షను కింద 3 నుంచి 15 ఏళ్ళు జైలు. నువ్వేమో నౌపడ స్టేషను దాకా వినబడేలాగ ‘ఆ రాజుగారి కూతురికి పెళ్ళవలేదటరా, ఏటి లోపం?’ అని అడిగేవు. రాజకుమార్తెలు ఆ సెక్షనులోకి రారంటారు గానీ, నాను పరీక్ష పెట్టి చూడను. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న థాయి అప్పకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయేను.

లోపమేటీ లేదే అమ్మా. ఆవిడ మహాచక్రి సిరింధోర్న్ గారు. పుట్టింది 1955 ఏప్రిల్ 2న. సంబంధం చూస్తానన్న పిన్నికి ముందు ఆ సంవత్సరం చెప్పు, పేరు తరవాత చెబుదువు గాని. పెళ్ళికి తీరిక దొరికుండదని నా అనుమానం. చరిత్ర చదివి బంగారు పతకం, ఆ మీద పాళీ, సంస్కృతం, ఆ మీద డాక్టరేటు. మిలటరీ కాలేజీలో కుర్రాళ్ళకి చరిత్ర పాఠాలు చెప్పేరు. కూర్చుంటే కొయ్యపలకల మీద రనాత్ వాయిస్తారు, లేస్తే ఏదో ఊరు, చేతిలో నోటుపుస్తకం. 2017లో మన ప్రభుత్వం పద్మభూషణ్ కూడా ఇచ్చింది. మన పంతులుగారు ఈవిడ ముందు మంత్రం మింగలేడు.

ఇంటి సంగతులు కూడా అడిగేవు కదా. తండ్రి భూమిబోల్ రాజుగారు పుట్టింది అమెరికాలో, ఏలింది ఇక్కడ డెబ్బై ఏళ్ళు. 2016లో పోయేరు. తల్లి సిరికిత్ రాణిగారు 2025 అక్టోబరులో, 93 ఏళ్ళ వయసులో. అన్నగారే ఇప్పటి రాజు. చెల్లెలు చులాభోర్న్ గారు రసాయన శాస్త్రంలో డాక్టరు. పెద్దప్ప ఉబోల్‌రతన గారి కథయితే నీకు సీరియల్లాగ ఉంటాది. 1972లో అమెరికా అతన్ని చేసుకుని రాచ హోదా వదిలేసేరు, తరవాత విడాకులైపోయి తిరిగొచ్చేరు. 2019 ఫిబ్రవరిలో ఒక పార్టీ ఆవిడ్ని ప్రధానమంత్రి పదవికి నిలబెట్టింది. పొద్దున్న పేరిస్తే రాత్రికి తమ్ముడు రాజుగారు తగదన్నారు. అంతే. మన సర్పంచి ఎలక్షనులో విత్‌డ్రాకి కూడా ఇంతకన్నా ఎక్కువ రోజులిస్తారు.

ఇక్కడ వారంలో రోజుకో రంగు. సిరింధోర్న్ గారు శనివారం పుట్టేరు కాబట్టి ఆవిడ రంగు ఊదా. పుట్టినరోజు దగ్గరికొస్తే మా హోటలు ఓనరు అందరికీ ఊదా చొక్కాలు పంచుతాడు. నాది ఉతికితే మిగతా బట్టలన్నీ ఆవిడ పక్షమే అయిపోయేయి.

నాన్నకి నచ్చే సంగతి ఒకటుంది. ఉత్తరాన నాన్ అనే కొండ జిల్లాలో బో క్లూవా అని ఊరు. సముద్రం లేదు, ఉప్పుంది! నూతిలో ఉప్పునీళ్ళు తోడి, పెద్ద పెద్ద మూకుళ్ళలో కర్రల మంట మీద కాచి ఉప్పు తీస్తారు. మన నౌపడ ఉప్పు మడుల్లో ఎండ చేసే పని అక్కడ పొయ్యి చెయ్యాలి. కొండ పిల్లలకి అయోడిన్ చాలక గొంతు వాస్తాదని, ఉప్పులో అయోడిన్ కలిపించే పని రాజకుమారిగారు భుజాన వేసుకున్నారు. ఆ ఊళ్ళ దగ్గర ఫూఫా అని ఒక కేంద్రం కూడా పెట్టించేరు. ఉప్పు మడుల్లో కాళ్ళు పగిలిన మనవాళ్ళని చూడ్డానికి ఏ రాజుగారి కూతురొచ్చిందో నాన్ననే అడుగు.

ఆ ఉప్పు పొట్లం ఒకటి పలాస వెళ్తున్న కుర్రాడి చేత పంపిస్తన్నాను. రుచి చూసి మన నౌపడ ఉప్పే మేలని నాన్న తేల్చేస్తాడు, తేల్చనీ. నాను కోటలో వంటవాణ్ణని ఇప్పటికే టీ బడ్డీ కాడ చెప్పేడట. నాది ఇక్కడి పహురాత్ బజారులో దోసెల పెనం అని నువ్వైనా చెప్పు. ఆ పొట్లం రాజకుమారిగారు సొంత చేత్తో కట్టిచ్చేరని మాత్రం అనొద్దను.

నీ కొడుకు