మా బావగారి బలాబలాలు

మా బావ ఫుట్‌బాల్‌ని కాలితో తన్నిన దాఖలాలు లేవు. అక్క సాక్ష్యం ప్రకారం ఆయన కాలికి తగిలిన గుండ్రటి వస్తువు గ్యాస్ బండ ఒక్కటే. అయినా జట్టు బలాబలాలు బేరీజు వేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. బ్యాంకులో ఆడిట్ చేసి రిటైరైన మనిషి. ఎక్కడో ఒక లోపం దొరికితే గానీ ఆయనకు అన్నం సయించదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది మొదలు ఆ జట్టు ఫైలు ఆయన చేతిలోనే ఉంది. తొలి సీజన్‌లో మనవాళ్లు అట్టడుగున నిలిచారు. "నేను ముందే చెప్పలేదూ?" అన్నారు. ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు.

విశ్లేషణ అంతా భోజనాల బల్ల మీదే. పప్పు గిన్నె సెంటర్ బ్యాక్. మజ్జిగ గ్లాసులు రెండూ ఫుల్ బ్యాక్‌లు. కుడి గ్లాసును అప్పడాల పళ్లెం దాకా జరిపి, "వీడు పైకెళ్లాడు. వెనక చూడు, ఎంత ఖాళీయో!" అంటారు. ఆ ఖాళీలోంచి చెంచా జారుకుంటూ వచ్చి నా కంచంలో గోలు పడుతుంది. ఈలోగా పప్పు చల్లారిందని అక్క గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళుతుంది. "చూశావా, అసలు సమయానికి డిఫెన్స్ మాయం!" అంటారు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే నేను ఆ మజ్జిగ గ్లాసును కాస్త వెనక్కి జరుపుతాను. నిజంగానే అక్కడ ఖాళీ ఎక్కువ.

2021-22 సీజన్ ముందు ఆయన తేల్చిన బలహీనత ఒక్కటే: వయసు. స్ట్రైకర్ ఒగ్బెచేకి 37 నిండుతున్నాయి, గోల్‌కీపర్ కట్టిమణికి 32. "వీళ్లకి కావాల్సింది కోచ్ కాదురా, మోకాళ్ల నూనె" అన్నారు. ఆ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. ఫటోర్దాలో జరిగిన ఫైనల్లో 88వ నిమిషంలో తవోరా స్కోరు సమం చేస్తే, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపి కేరళ చేతిలోంచి కప్పు లాక్కొచ్చాడు. మర్నాడు ఫోన్ చేశాను. "మన జట్టు బలమేమిటో తెలుసా? అనుభవం!" అన్నారు, గొంతులో రవ్వంత తడబాటు లేకుండా.

ఏ చర్చ అయినా చివరికి రహీం సాబ్ దగ్గర ఆగాలి. హైదరాబాద్ సిటీ పోలీస్‌కి 1950 నుంచి వరసగా అయిదు రోవర్స్ కప్పులు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం, అన్నీ ఆ కోచ్ చలవే. రహీం 1963లో పోయారు. బావ పుట్టింది ఆ తర్వాత. అయినా "రహీం సాబ్ అయితే వీణ్ని లెఫ్ట్‌లో ఆడించేవాడా?" అని పక్కింటాయన సంగతి చెప్పినట్టే చెబుతారు.

2023-24లో క్లబ్బుకు డబ్బు కష్టాలొచ్చాయి. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన ఆ సీజన్లో 22 మ్యాచ్‌లకు గెలుపు ఒక్కటే. లోపాలు ఏరుకోవడానికి ఆడిటర్‌కి అంతకన్నా పండగ ఏముంటుంది? కానీ గచ్చిబౌలి స్టేడియంలో ఎవరో గోల్‌కీపర్‌ని తిడితే ఈయన లేచి, "వాడి తప్పేముందయ్యా? ముందున్న నలుగురూ కొత్త పిల్లలు!" అని కలబడబోయారు. ఆ ఏడాది బలహీనతల ఊసే ఎత్తలేదు.

2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఇక ఫైలు మూసేస్తారనుకున్నాను. మొన్న వెళితే మజ్జిగ గ్లాసులు మళ్లీ బల్ల మీద బారులు తీరి ఉన్నాయి.

"వాళ్లు మనవాళ్లు కాదు కదా బావా?"

"లెక్క లెక్కేరా. బలాలన్నీ ఇక్కడ నేర్చుకున్నవే. బలహీనతలంటావా, అవి ఢిల్లీ వెళ్లాక పట్టుకున్నవి."