పచ్చగీత పాపం

మా కాలనీ బడి ముందు రోడ్డుకు ఓ పక్కగా పచ్చరంగు పూసి, సైకిల్ బొమ్మ గీశారు. అంతే, కాలనీ భగ్గుమంది. ఉన్న రోడ్డే చాలక చస్తుంటే సైకిళ్లకు వాటా ఏమిటని అత్యవసర మీటింగ్ పెట్టారు. మీటింగ్‌కొచ్చిన కార్లన్నీ ఆ పచ్చగీత మీదే ఆగాయి.

వాళ్ల బాధా నిజమే. పాతిక కిలోల పిల్లాణ్ణి అర కిలోమీటరు దాటించాలంటే టన్నున్నర బండి లేనిదే కుదరదు. అది గేటుకు ఎదురుగానే ఆగాలి. పదడుగులు ఇవతల ఆగితే పాపం, పిల్లాడు నడవాలి! ఇలాంటి బండ్లు ఓ యాభై. ఎనిమిదింబావుకి అన్నీ ఇరుక్కుపోయి హారన్లు మోగిస్తుంటే, అద్దం దించి అందరూ అనేది ఒకటే మాట: "ఈ ట్రాఫిక్‌లో పిల్లల్ని సైకిల్ మీద ఎలా పంపిస్తామండీ?"

సైకిలంటే ఇంత హడలిపోయే నాన్నగారే టెన్త్ కాగానే స్కూటీ తాళం చేతిలో పెడతారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే కన్నవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019లో 199ఎ సెక్షన్ చేర్చారు. సైకిల్‌కు ఆ హోదా లేదు మరి.

సర్కారును మాత్రం అనకూడదు. 2023లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసింది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు. ఎండ తగలదు, వాన తగలదు, మా పిల్లల బడీ తగలదు. ఆంధ్రాలోనైతే సర్కారు బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లే పంచారు. ఓ పెద్ద పార్టీకి గుర్తే సైకిల్. దాన్ని తొక్కడానికి దారి కావాలన్నదే ఎవరికీ గుర్తు రాలేదు.

మా పచ్చగీత మీద పొద్దున ఇడ్లీ బండి, మధ్యాహ్నం స్కూలు ఆటోలు, సాయంత్రం మిర్చిబజ్జీలు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. రంగేసినవాడు ఎంత నిజాయితీపరుడో, దిమ్మె చుట్టూ కూడా వదలకుండా పూశాడు.

నెల తిరిగేసరికి అసోసియేషన్ లెక్క తేల్చింది: ఈ దారిన సైకిలే రావట్లేదు, గీత చెరిపేయండి. ఆ అర్జీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకొచ్చింది మా వాచ్‌మన్. సైకిల్ మీద.