నన్నారి సోడాకు టీకా తాత్పర్యం

మూలం

"అన్నా, నన్నారి సోడా ఒగటి కొట్టు. గ్యాసు గట్టిగుండల్ల. ఐసు వొద్దు. నిమ్మకాయ రోంత. ఉప్పు నీ ఇష్టం. లెక్క రాసుకో."

అవతారిక

ఈ మూలానికి కర్త ఎవరో తెలియదు. కర్నూలు కొండారెడ్డి బురుజు నీడలో పుట్టిందని కర్నూలువారు, కాదు కాదు కడప ఏడురోడ్ల కూడలిలో పుట్టి బస్సెక్కి అక్కడికి పోయిందని కడపవారు. పోతన ఒంటిమిట్టవాడా ఓరుగల్లువాడా అన్న తగాదాకే తీర్పు రాలేదు, సోడా బండి దగ్గర ఏం తేలుతుంది? కాలనిర్ణయం మాత్రం సులువు. మార్చి దాటిన తర్వాత, మిట్టమధ్యాహ్నం.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు టీకలు రాయించాడు. ఈ మూలం ఆయన చెవిన పడి ఉంటే మనకీ శ్రమ తప్పేది. కానీ దొర 1855లోనే ఇండియా విడిచి వెళ్ళిపోయాడు. గోలీ సీసాకు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు తీసుకున్నది 1872లో. పదిహేడేళ్ళ తేడాలో ఒక మహావ్యాఖ్య తెలుగువారికి దక్కకుండా పోయింది.

మల్లినాథసూరి తాను మూలం లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. మనకా నియమంతో ఇబ్బంది లేదు. నన్నారి అంటేనే వేరు, పైగా సుగంధిపాలకు సంస్కృతంలో అనంతమూలమని పేరు. మూలమే అనంతమైనప్పుడు వ్యాఖ్యాతను ఆపేదెవరు?

టీక

అన్నా: సంబోధన. వయసుతో నిమిత్తం లేదు. అరవై ఏళ్ళ పెద్దాయన ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి అన్నా అని పిలిచాడంటే దాహం ఏ పాటిదో ఊహించుకోవాలి. "అబ్బీ" అనే పాఠాంతరం ఉంది గానీ, అలా పిలిచినవాడి గ్లాసులో గ్యాసు తగ్గుతుందని పెద్దలు చెబుతారు.

నన్నారి: ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు జట్లు. నన్నారి అంటే సుగంధిపాల, సన్నని తీగకు సన్నని వేరు అని ఒకరు. కాదు, మారేడు కొమ్ములు, అంటే వేలి కంటే లావైన దుంపవేళ్ళు, వాటి తొక్కలోనే సారమంతా, నడుమ పుల్ల పారేసేదే అని ఇంకొకరు. వృక్షశాస్త్రజ్ఞులు మొదటిదాన్ని హెమిడెస్మస్ ఇండికస్ అనీ, రెండోదాన్ని డెకాలెపిస్ హామిల్టోనై అనీ రాసుకున్నారు. బజారు రెండింటినీ నన్నారి అనే అంటుంది, ఒకే ధైర్యంతో అమ్ముతుంది.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసి, "ఇది సుగంధిపాలే" అని తేల్చే రసికుణ్ణి మాత్రం నమ్మరాదు. రెండు వేళ్ళకూ ఆ వాసననిచ్చే ప్రధాన రసాయనం ఒకటే. అది ఐస్‌క్రీములో వేసే వెనిలిన్‌కు దాయాది. దానిలోనూ దీనిలోనూ ఎనిమిదేసి కార్బన్, ఎనిమిదేసి హైడ్రోజన్, మూడేసి ఆక్సిజన్ పరమాణువులే, కూర్చున్న చోట్లు వేరు. తేడా పట్టాలంటే ముక్కు కాదు, నాలుక కావాలి. పచ్చి మారేడు కొమ్ము కొరికితే నాలుక జివ్వుమంటుంది, అందుకే దానికి ఊరగాయ యోగం కూడా పట్టింది. పాకంలో ఆ జివ్వు చాలావరకు చక్కెర కింద అణగిపోతుంది. వాసనేమో ఆవిరితో లేచిపోయే రకం. పొయ్యి మీద మరిచిపోయి ఎక్కువసేపు ఉడికిస్తే ఇల్లంతా ఘుమఘుమ, సీసాలో ఉత్త చక్కెరనీళ్ళు. వేళ్ళు తవ్వేవాళ్ళు ఎక్కువై మారేడు కొమ్ముల తీగ అడవిలో అరుదైపోతున్నది. ఎసెన్సు డబ్బా మాత్రం ఎక్కడా అరుదు కాలేదు. ముదురు ఎరుపు చూసి మురిసిపోయేవారికి ఈ మాట చాలు.

సోడా: ఇక్కడ పాశ్చాత్య శాఖను తలవక తప్పదు. ఫ్రాన్సులో షాంపేన్ అనే సీమ ఉంది. పీనో న్వార్, మ్యూనియే, షార్డొనే అనే మూడు రకాల ద్రాక్షలు ముఖ్యంగా వాడి అక్కడ చేసే నురగల సారాయానికే ఆ సీమ పేరు చెల్లుతుంది. పక్క ఊరివాడు చేస్తే చెల్లదు. ఒకసారి పులిసిన సారాయాన్ని సీసాలో పోసి, ఈస్టూ చక్కెరా కలిపి మూత బిగిస్తే లోపల మళ్ళీ పులిసి గ్యాసు పుడుతుంది. తర్వాత సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ, రోజూ కాస్త కాస్త తిప్పుతూ, ఈస్టు మడ్డినంతా మెడలోకి దింపి, ఆ మెడను గడ్డకట్టించి మడ్డిని బయటికి చిమ్మిస్తారు. మామూలు రకమైనా పదిహేను నెలలు ఆగనిదే అమ్మరాదని నియమం. మన సోడా పొద్దున పుట్టి మధ్యాహ్నానికి గ్లాసెక్కుతుంది. సీసాను తలకిందులు చేయడం మాత్రం రెండు శాఖలకూ సమ్మతమే. వాళ్ళది మడ్డి కోసం, మనది గోలీ కోసం.

కొట్టు: "ఇయ్యి" అనక "కొట్టు" అనడంలో ఔచిత్యం ఉంది. సీసా మెడలో రబ్బరు ఉంగరం, దాని కింద గాజు గోలీ. నీళ్ళు నింపి, తలకిందులు చేసి గ్యాసు ఎక్కిస్తే గోలీ మెడలోకి జారి రబ్బరుకు అతుక్కుంటుంది. ఆపైన ఎటు తిప్పినా ఊడదు. బయటపడాలని లోపలి గ్యాసు ఎంత తోస్తే తలుపు అంత బిగుస్తుంది, దొంగే లోపలినుంచి గొళ్ళెం పెట్టుకున్నట్టు. విరోధాభాసాలంకారానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లక్షణగ్రంథాల్లో నాకు దొరకలేదు. షాంపేన్‌వారికి ఈ ఉపాయం తట్టలేదు. వాళ్ళు బిరడా పెట్టి, అది ఎగిరిపోకుండా పైన తీగల బోను బిగిస్తారు. అలా బిగించే పద్ధతికి పేటెంటు 1844 నాటిది. అక్కడి రసికులకు బిరడా ఢామ్మని పేలడం మోటుతనం. నిట్టూర్పులా రావాలంటారు. మనవాడికి నిట్టూర్పు పనికిరాదు. గోలీ దిగినప్పటి కీచుకేక రోడ్డవతలి చెప్పుల దుకాణానికి వినపడకపోతే సీసా మార్చమంటాడు.

గ్యాసు గట్టిగుండల్ల: విధ్యర్థకం. షాంపేన్ సీసాలో పీడనం ఆరు అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. మన దుకాణదారుకు కొలిచే గడియారంతో పనిలేదు, చెవి చాలు. ఇంతకీ ఈ గ్యాసు ఎవరి సొత్తు అన్న చోట కర్నూలు, కడప వ్యాఖ్యాతలు భుజాలు చరుచుకున్నారు.

కర్నూలువారి వాదం ఇది. వాన నీళ్ళు మట్టిలో దిగుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటాయి, అంటే పలుచని సోడా అవుతాయి. ఆ సోడా వేల వేల ఏళ్ళు సున్నపురాతిని తొలిచి బెలుం గుహలు చేసింది, పొడవు 3229 మీటర్లు. కాబట్టి లోకంలో సోడా కొట్టడం మా నేలకింద మొదలైంది. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ గుహలు నంద్యాల జిల్లాలోకి పోయాయి. అది వేరే ఏడుపు.)

కడపవారి సమాధానం: మీ గ్యాసు రాతిని తొలిచి పోయింది, మాది రాతిలోనే ఉంది. కడప బండ సున్నపురాయి. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ సోడానీళ్ళు చేసే విధానం అచ్చువేసినప్పుడు గ్యాసు కోసం వాడమన్నది సుద్దమీద గంధకామ్లం. సుద్ద కూడా సున్నపురాయి జాతే. నమ్మనివారు బండ మీద నిమ్మరసం చుక్క వేసి చూసుకోండి, సన్నగా పొంగుతుంది. వంటింటి గట్టు మీద ఈ పరీక్ష చేసినవారికి తెల్లమచ్చా, ఇంటావిడ చేత చీవాట్లూ శాశ్వతంగా మిగులుతాయి.

షాంపేన్ సీమ నేల కూడా సుద్దనేలే. రాన్స్ పట్నంలో రోమనుల కాలపు సుద్దగనులనే నేలమాళిగలు చేసుకుని సీసాలు దాచుకుంటారు. బెలుంలో మనవాళ్ళు ఒక్క సీసా కూడా దాచలేదు, టిక్కెట్టు పెట్టి ఊరుకున్నారు.

ఐసు వొద్దు: "ఐసు రోంత" అని పాఠాంతరం. అది ఎండకు భయపడ్డ లేఖకుడి పని. ఐసుముక్క గరుకు అంచుల మీద బుడగలు పుట్టి, నాలుకకు అందాల్సిన గ్యాసు గాలిలో కలుస్తుంది. అలాగని వెచ్చని సోడా మేలని కాదు. నీళ్ళు చల్లగా ఉంటేనే గ్యాసు కుదురుగా ఉంటుంది. ఐసు సీసా బయట ఉండాలి, గ్లాసు లోపల కాదు అని సిద్ధాంతం. షాంపేన్‌వారూ సీసాను ఐసు బకెట్టులో నిలబెడతారు.

నిమ్మకాయ రోంత: ఈ రోంత దగ్గర శాస్త్రం చేతులెత్తేసింది. షాంపేన్‌లో మడ్డి తీశాక చివర్న చక్కెరపాకం కలుపుతారు, దానికి గ్రాముల లెక్క ఉంది. లీటరుకు పన్నెండు గ్రాముల లోపైతే బ్రూట్, యాభై దాటితే డూ. పందొమ్మిదో శతాబ్దంలో రష్యావారు పానకంలాంటిది కోరేవారు, ఇంగ్లీషువారికి తీపి గిట్టేది కాదు. 1874లో పొమ్మెరీ అనే వితంతువు ఇంగ్లీషువారి కోసం తీపి బాగా తగ్గించి తయారుచేసి పేరు తెచ్చుకుంది. మన రోంతకు గ్రాములు లేవు. అది అడిగినవాడి ముఖం, నిమ్మకాయ ధర, వెనక నిలబడ్డవారి వరస చూసి దుకాణదారు వేళ్ళు తేల్చేది. ఏప్రిల్‌లో రోంత అంటే పావు చెక్క, ఆగస్టులో అరచెక్క. రెండూ రోంతే.

ఉప్పు నీ ఇష్టం: అంటే నా ఇష్టమే, కానీ నువ్వు కనిపెట్టాలి. ఉప్పు ముందే అడుగున వేస్తే పెద్దమనిషి తరహా. సోడా పోశాక పైన చల్లితే పలుకు పలుకుకూ బుడగలు ముసిరి నురగ పొంగి గ్లాసు దాటుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, గ్యాసు సగం పోతుంది. రసికులు దీన్ని నిషేధించారు. వాళ్ళూ పిల్లల్ని తోడు తెచ్చుకున్న రోజున పైన చల్లమనే అంటారు.

ఇక పోటీ రుచి చూసేవారికి ఒక హెచ్చరిక. షాంపేన్ పరీక్షకులు సీసాలకు ముసుగు వేసి, గుక్క నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మి, మళ్ళీ ఇంకోటి అందుకుంటారు. వరసగా అన్ని సారాయాలు మింగితే తీర్పు తప్పుతుంది కనుక వాళ్ళకది ధర్మం. నలభై నాలుగు డిగ్రీల ఎండలో నన్నారిని నోట్లో పోసుకుని ఉమ్మేవాడికి రాయలసీమ ధర్మశాస్త్రంలో ప్రాయశ్చిత్తం లేదు.

తాత్పర్యం

ఎండగా ఉంది.

శేషం

లెక్క రాసుకో: ఈ వాక్యం కవి రాసిందేనా, తర్వాతివారు దూర్చిందా అన్న సందేహం ఒకటి మిగిలింది. కర్నూలు ప్రతిలోనూ కడప ప్రతిలోనూ ఉంది కాబట్టి అసలైనదే అని తాగేవారి పక్షం. దుకాణదారు మాత్రం ప్రక్షిప్తమని ఖండించి, తన మతాన్ని అట్టముక్క మీద రాసి నిమ్మకాయల గంపపైన వేలాడదీశాడు: "అప్పు రేపు." రెండే మాటల ఈ గ్రంథానికి ఇంతవరకు వ్యాఖ్య రాలేదు. రాస్తానని నేను ముందుకొస్తే, ముందు పాత బాకీ తీర్చమన్నాడు.