కాళ్ళు పెట్టుకోవడానికో కాలవ

హాయిగా ఒక రోజు గడపడమెలాగో తెల్లకాగితం మీద రాసుకున్నాను. 5:30కి రాజమండ్రిలో బయలుదేరుట. 6:00కి ధవళేశ్వరం బ్యారేజీ చూచుట. 7:00కి లొల్ల లాకుల దగ్గర చెట్టు కింద చాప పరిచి, కాలవలో కాళ్ళు పెట్టుకొనుట. 7:05 నుంచి 11:00 వరకు ఏమీ చేయకుండుట. ఈ చివరిదాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు కూడా గీశాను. ముప్పయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసినవాడికి ఊరికే కూర్చోవాలన్నా ఓ పద్దు ఉండాలి.

కాగితం మా ఆవిడ చేతికిచ్చాను. చదివి, "ఆదివారం ఆవకాయ మూడోరోజండీ" అంది.

"అయితే?"

"జాడీ తిరగకలపాలి. ఉప్పు చూడాలి. నూనె చాలకపోతే పొయ్యాలి."

"అదెంతసేపు?" అన్నాను. ముప్పై రెండేళ్ళ కాపురంలో నేనడిగిన తెలివితక్కువ ప్రశ్నల్లో దీనికి మంచి ర్యాంకే వచ్చుండాలి. జాడీ ముట్టుకోవాలంటే తలస్నానం చెయ్యాలట, తల ఆరాలట, తడి చెయ్యి తగిలితే ఏడాది పచ్చడికీ బూజేనట. ఆ బూజుకి బాధ్యత ఎవరిదో ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

మా అమ్మ పంచాంగం తీసింది. ఏడుంబావు నుంచి వర్జ్యం. "అది దాటాక కదలండి. అయినా రోళ్ళు పగిలే ఎండలో ఈ ఊరేగింపేమిట్రా?"

"రోహిణి కార్తెకి ఇంకా వారం ఉందమ్మా."

"నీ క్యాలెండరు రోళ్ళు చూస్తాయా?"

మా అమ్మాయి రెండే అడిగింది. అక్కడ సిగ్నల్ ఉంటుందా, బాత్రూమ్ ఉంటుందా అని. రెండోది నా కాగితంలో లేదు.

ఆదివారం తొమ్మిదింటికి మా బావమరిది కారు ఇంటిముందు ఆగింది. డిక్కీలో పులిహోర, దద్దోజనం, నీళ్ళ క్యాను, మా అమ్మ మరచెంబు ఎక్కాయి. దారి పొడుగునా మామిడిపళ్ళు అమ్మే సీమకి వెళ్తూ డజను బంగినపల్లి కూడా ఎక్కించాం. అమ్మ కింద కూర్చోలేదని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పైన కట్టాం. తుంగచాప మాత్రం నా ఒళ్ళో పెట్టుకున్నాను. కారు కదిలేసరికి 9:20. కాగితం ప్రకారం నేను అప్పటికి రెండుంబావు గంటలుగా ఏమీ చేయకుండా ఉండాలి.

బ్యారేజీ మీద బండి ఆపించి ఉపన్యాసం మొదలుపెట్టాను. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయిందని, దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ 1982కి తయారైందని, గేట్లు 175 అని. మా అమ్మ కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకుని దిగువకి చూసి, "అన్నీ మూసే ఉన్నాయి. అటు ఇసక తప్ప నీళ్ళేవిరా?" అంది. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు. వేసవి కదమ్మా అని నేనే సర్దిచెప్పాను.

లొల్ల చేరాం. కాలవలో నీళ్ళు లేవు.

అడుగున బురద, అక్కడక్కడా మడుగులు, వాటిలో కొంగలు. మేం చాప వెయ్యాల్సిన చోటికి పాతిక గజాల్లో ఒక పొక్లెయిన్ పూడిక తీసి గట్టున కుమ్మరిస్తోంది. పల్లెటూరి ప్రశాంతతకి డీజిల్ వాసన తోడైంది.

"ఆయ్, కాలవ కట్టేశారండి. జూన్‌లో రండి" అన్నాడు గేదెల్ని తోలుకెళ్తున్న పెద్దాయన, కొట్టు మూస్తున్న షావుకారంత మర్యాదగా.

దాళ్వా కోతలయ్యాక ఏటా కాలవలు కట్టేస్తారు. పూడికా గుర్రపుడెక్కా తీసి, లాకులు బాగుచేసుకుని, సార్వాకి మళ్ళీ నీళ్ళొదులుతారు. గోదావరి జిల్లాలో పసివాడికి కూడా తెలుసు. నేను సర్వీసంతా దాళ్వా అప్పులిచ్చినవాణ్ణి. కాలవ కట్టేలోగా పంట ఒబ్బిడి అవుతుందా అని ఎందరు రైతుల్ని నిలదీశానో లెక్కలేదు.

మా ఆవిడ చెప్పులు విప్పి గట్టుమీద నిలబడింది. "కాళ్ళు ఎందులో పెట్టమంటారు?" అంది.

చెట్టు కిందే పులిహోర తిని, మా బావమరిది మాటమీద ఆత్రేయపురంలో ఆగాం. ఒక ఇంటి వసారాలో ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తోంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి గుడ్డని జయ బియ్యం పిండిలో ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగింది. చుయ్‌మన్న చప్పుడు ఆగేలోపే రేకు లేచొచ్చింది, ఉల్లిపొరలా. మళ్ళీ ముంచడం, మళ్ళీ లాగడం. ఎండగా ఉందని పొద్దుట్నుంచీ గొణుగుతున్నవాణ్ణి, ఆ మంట ముందు నోరు మూసుకున్నాను.

మా అమ్మకి ప్లాస్టిక్ కుర్చీ వేశాం. మా అమ్మాయి ఫోను సంచిలో పడేసింది. మా ఆవిడ, నెయ్యీ పంచదారా వేసి రేకు చుట్టడం నేర్చుకుంటానని కూర్చుంది. నేనూ చెయ్యి పెట్టాను. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు నా చేతిలో పొట్టయి రాలింది. గంటన్నరసేపు మావాళ్ళెవరూ కదల్లేదు. నేనొక్కణ్ణే మూడుసార్లు గడియారం చూసుకున్నాను, తిరుగు ప్రయాణం 12:00కని రాసుకున్నాను గనక.

ఇంటికొచ్చాక తెలిసింది, తుంగచాప రాలేదు. లాకుల దగ్గర చెట్టు కింద వదిలేసినట్టున్నాం. ఎర్ర అంచు, ఓ మూల కాస్త చిరుగు. మా ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన చాప అది. అటు వెళ్ళేవాళ్ళెవరికైనా కనిపిస్తే దయచేసి కబురు చెయ్యండి.